ముప్పై ఏడున్నరకు ఒక గీత తక్కువ

మా కలప సామగ్రి తయారీ కేంద్రానికి ఖచ్చితత్వం ఒక కప్పు కాఫీ వల్ల పట్టుకుంది.

జనవరిలో ఒక సోమవారం సమీక్షా సమావేశం. కొత్తగా వచ్చిన ప్రత్యేకాధికారి పరిమి నీలాద్రిరావు గారు మా ఆఫీసు గదిలో, మేమే చేసిన టేకు కుర్చీలో కూర్చున్నారు. చేతిలో కాఫీ కప్పు ఉంది. "జవాబుదారీతనం..." అని మొదలుపెట్టి, ఆ మాటకు తగ్గ బరువుతో ముందుకు వంగారు. కుర్చీ టక్కుమంది. సగం కాఫీ ఆయన తెల్ల చొక్కా మీద పడింది. ఉలిక్కిపడి వెనక్కి వాలారు. కుర్చీ మళ్ళీ టక్కుమంది. మిగతా సగం కూడా అక్కడే పడింది.

నేను ఆ కేంద్రానికి సూపరింటెండెంటుని. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఏ అధికారికీ ఎదురుచెప్పినవాణ్ణి కాదు, అబద్ధం చెప్పినవాణ్ణీ కాదు. రెండింటికీ కారణం ఒకటే, భయం. వెంటనే పరుగెత్తి హెడ్ మిస్త్రీ సింహాద్రాచారిని పిలుచుకొచ్చాను. ఆయన కుర్చీని చూడలేదు. మోకాళ్ళ మీద వంగి కుర్చీ కింద నేలని చూశాడు, అరచేత్తో ఒకసారి తడిమాడు.

"కుర్చీది కాదండీ తప్పు, ఇక్కడేమో..." అంటుండగా నేను కళ్ళతోనే వద్దన్నాను. అధికారి చొక్కా తుడుచుకుంటున్నప్పుడు తప్పు ఎవరిదో తేల్చడం పద్ధతి కాదు. ఆచారి నోరు మూసుకుని లేచాడు.

నీలాద్రిరావు గారు మరక వైపు చూసి అన్నారు: "దీన్ని కేవలం ఒక కుర్చీ ఊగిసలాటగా పరిగణించలేము. ఇది వ్యవస్థాగత వ్యత్యాసం. దీని మూలాల్లోకి వెళ్ళాలి."

మూలం మా షెడ్డులో ఉన్న రంపం మిషను అని ఆయన మర్నాటికల్లా తేల్చారు.

మిషను అంటే పెద్ద విశేషం కాదు. ఇనప బల్ల మధ్యలోంచి చక్రంలాంటి రంపం పైకి తేలి తిరుగుతుంటుంది. పక్కన పొడవాటి ఇనప పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని గైడు అంటాం. ఎంత వెడల్పు ముక్క కావాలో అంత దూరంలో గైడుని బిగించి, చెక్కని దానికి ఆనించి తోస్తే ముక్క ఆ కొలతకే వస్తుంది. నిలువు రీపర్లని పొడవుకి కొయ్యాలంటే అడ్డుదిమ్మ అని ఇంకొకటి ఉంది, అదీ అంతే, కావలసిన చోటికి జరిపి బిగించుకోవడమే. రంపం నిటారుగా ఉందో లేదో మూలమట్టంతో, అంటే రెండు చేతుల లంబకోణపు కొలబద్దతో, చూసుకుంటారు.

ఆచారి ఉత్సాహంగా చూపించాడు. "రంపం ముందు పన్ను దగ్గర గైడు ఎంత దూరముందో, వెనక పన్ను దగ్గరా అంతే ఉండాలండి. వెనకాల బిగుసుకుందా, చెక్క మాడిపోద్ది, ఒక్కోసారి ఎగిరొచ్చి గుండెల మీద తంతాది. నేను జరిపినప్పుడల్లా రెండు చోట్లా టేపు పెట్టి చూస్తానండి. ఆ తర్వాత పనికిరాని ముక్క ఒకటి కోసి చూసుకుంటాను. అప్పుడు గానీ అసలు చెక్క ముట్టుకోను."

"జరిపినప్పుడల్లా అన్నారు," నీలాద్రిరావు గారు ఆ ఒక్క మాట పట్టుకున్నారు. "రోజుకు ఎన్నిసార్లు జరుపుతారు?"

"ఏ కొలత కావాలంటే ఆ కొలతకండి. ఇరవైసార్లు, ఒక్కోరోజు ముప్పైసార్లు."

"ముప్పైసార్లు! ఎవరి అనుమతితో?"

ఆచారి నా వైపు చూశాడు. నేను మిషను వైపు చూశాను.

ఆ వారమే 'ఖచ్చితత్వ సాధన ఉద్యమం' మొదలైంది. గేటుకి బ్యానరు కట్టాం. ప్రతి ఉదయం కుడిచెయ్యి చాచి "మిల్లీమీటరును కన్నబిడ్డలా కాపాడుకుంటాం" అని ప్రతిజ్ఞ చేశాం. గైడుని జరపాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ ఆమోదించాలి. కమిటీకి అధ్యక్షులు నీలాద్రిరావు గారు. సభ్యులు కూడా నీలాద్రిరావు గారే, ఎందుకంటే ఆయనకి ఇంకో పదవి కూడా అదనపు బాధ్యతగా ఉంది. కార్యదర్శిని నేను. సభ్యుని హోదాలో ఆయన పంపిన ప్రతిపాదనని అధ్యక్షుని హోదాలో ఆయనే రెండుసార్లు తిప్పికొట్టారు. మూడోసారి "తగిన వివరణ సంతృప్తికరంగా ఉన్నది" అని రాసి ఆమోదించారు. గైడు అంగుళం జరిగింది.

తరవాత మూలమట్టం వంతు వచ్చింది. రంపం నిటారుగా ఉందని మట్టం చెబుతుంది సరే, మట్టం నిజం చెబుతోందని ఎవరు చెప్పాలి?

ఆచారికి అదేమంత ప్రశ్నలా అనిపించలేదు. "దానికేవుందండీ. చెక్క అంచుకి ఆనించి ఓ గీత గీస్తాను. మట్టాన్ని తిరగేసి అక్కడే ఇంకో గీత గీస్తాను. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మట్టం మంచిది. విడిపోతే వంకర. మా నాన్న నేర్పాడండి."

"అంటే మట్టం గురించి మట్టమే సాక్ష్యం చెప్పుకోవడం. అది చెల్లదు," అన్నారు నీలాద్రిరావు గారు.

మట్టాన్ని రాజధానికి ధ్రువీకరణకు పంపాం. బస్సు పార్శిల్లో పన్నెండు రోజుల తరవాత తిరిగొచ్చింది. దాని మీద ఎవరో కొబ్బరికాయల బస్తా వేసినట్టున్నారు, పొడుగు చెయ్యి కాస్త వంగింది. జతగా వచ్చిన ధ్రువపత్రంలో మాత్రం మట్టం నిర్దుష్టంగా ఉందని రాసి, రెండు సంతకాలు చేశారు. నీలాద్రిరావు గారు మట్టాన్నీ పత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. పత్రం వంగలేదు. కాబట్టి దాన్నే నమ్మారు. మట్టాన్ని గాజు పెట్టెలో పెట్టించి, దానికో దండ వేయించారు. ఆచారి తన సొంత మట్టంతో పని కానిచ్చుకున్నాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను.

పంతొమ్మిది రోజుల్లో గైడు జరిగింది పదకొండుసార్లే. పని పేరుకుపోయింది. ఇక ఆయన లోతుగా ఆలోచించారు. ఒకరోజు నన్ను పిలిచి, చాలా ప్రశాంతంగా చెప్పారు: "పొరపాటుకు అవకాశం ఎక్కడుంది? జరపడంలో ఉంది. జరపకపోతే పొరపాటే ఉత్పన్నం కాదు. గైడుని శాశ్వతంగా ఒకే కొలతకు స్థిరీకరిద్దాం."

"ఏ కొలతకండీ?" అన్నాను.

"అందరికీ ఆమోదయోగ్యమైన కొలతకి. సగటు తీయండి."

కిందటి ఏడాది మేం కోసిన కొలతలన్నీ ముందేసుకున్నాను. తలుపు ద్వారబంధాల దగ్గర్నుంచి బీరువా గుబ్బల దాకా మూడువేల పైచిలుకు. రెండు రోజులు కూడి, భాగించి, ముప్పై ఏడు పాయింట్ నాలుగు సెంటీమీటర్లు అని తేల్చాను. ఆ కొలతకి మేం ఎన్నడూ ఏ చెక్కా కోసింది లేదు.

"ముప్పై ఏడున్నరకి ఓ గీత తక్కువా?" అన్నాడు ఆచారి టేపు చూసుకుంటూ. "దీంతో ఏం చెయ్యాలండీ?"

"ఖచ్చితంగా చెయ్యాలి," అన్నాను. సిగ్గుగానే అన్నాను.

మంచి రోజు చూసి ముహూర్తం పెట్టారు. గైడునీ అడ్డుదిమ్మనీ ముప్పై ఏడు పాయింట్ నాలుగు దగ్గర బిగించి, మరలకి దారం చుట్టి, లక్క కరిగించి పోసి ముద్ర వేశాం. ముద్ర వేసింది నేనే. మిషను ఆడితే అదురుకి లక్క బీటలువారుతుంది కాబట్టి ప్రతినెలా ఒకటో తారీఖున పాత ముద్ర ఒలిచి కొత్తది వేయాలని ఉత్తర్వులో రాశారు. ఏడో అంశం ఇలా ఉంది: "ముద్ర లేని గైడు సాధారణ గైడు మాత్రమే. దానికీ, దానిపై తయారైన వస్తువులకూ ఈ ఉత్తర్వు వర్తించదు. కావున ముద్ర అన్నివేళలా ఉండునట్లు సూపరింటెండెంటు చూచుకొనవలెను."

ఆ రోజు నుంచి మా కేంద్రంలో తప్పన్నది లేదు. తాలూకా ఆఫీసుకి నిచ్చెన చేసిచ్చాం. ముప్పై ఏడు పాయింట్ నాలుగు ఎత్తు, ఒక మెట్టు. బడికి నల్లబల్ల చేసిచ్చాం, దాని మీద అ నుంచి ఈ వరకు బాగా పట్టాయి. ఆసుపత్రికి పంపిన స్ట్రెచరు కర్రల గురించి అక్కడివాళ్ళు ఏమీ రాయలేదు, ఫోను చేశారు. ఆ మాటలు దస్త్రంలో పెట్టడానికి వీల్లేదు. నెలవారీ నివేదికలో "వ్యత్యాసం: సున్న" అని రాశాం. పైనుంచి షీల్డు వచ్చింది. షీల్డు పీఠం ముప్పై ఎనిమిది సెంటీమీటర్లుందని నీలాద్రిరావు గారు దాన్ని తిప్పి పంపబోతే, నేనే బతిమాలి ఆపాను.

ఫిబ్రవరి చివర్లో సువార్తమ్మ గారు వచ్చారు.

ఆవిడ చినకట్టులంక బాలికల బడికి హెడ్మిస్ట్రెస్సు. ఆగస్టు వరదలో ఆ బడి బల్లలన్నీ నాని పుచ్చిపోయాయి. మార్చి పద్దెనిమిది నుంచి పదో తరగతి పరీక్షలు. నలభై ఆరుగురు ఆడపిల్లలు. పరీక్ష కేంద్రం వాళ్ళ బడిలోనే పెట్టారు గానీ, బల్లలు లేకపోతే రద్దు చేస్తామని కాగితం వచ్చింది. రద్దయితే పిల్లలు రెండు పాయలు దాటి అవతలి ఊరు వెళ్ళాలి. జనాన్ని ఏరు దాటించే పంటు మొదటిసారి కదిలేది ఎనిమిదింటికి. పరీక్ష తొమ్మిదిన్నరకి. ఎంత తొందరపడినా పదింటికి గానీ చేరరు. చాలామందిని ఇళ్ళ నుంచి అసలు పంపరు కూడా.

ఆవిడ డిసెంబరులోనే నలభై ఆరు బల్లలూ నలభై ఆరు స్టూళ్ళూ కావాలని రాసి ఇచ్చారు. తయారయ్యాయి. షెడ్డు ముందు వరసగా పెట్టించాను. స్టూలు ఎత్తు ముప్పై ఏడు పాయింట్ నాలుగు. బల్ల ఎత్తూ అంతే.

సువార్తమ్మ గారు ఒకదాని మీద కూర్చున్నారు. లేచి రెండోదాని మీద కూర్చున్నారు. "ఇందులో బల్లేదండీ?" అన్నారు.

"ఎడమవైపుదండి," అన్నాను. నిజానికి నాకూ తెలీదు.

ఆవిడ నేరుగా నీలాద్రిరావు గారి గదిలోకి నడిచారు. ఆయన ఓపిగ్గా విన్నారు. "కూర్చునే తలం, రాసే తలం ఒకే స్థాయిలో ఉండటాన్ని మీరు లోపంగా ఎందుకు చూస్తున్నారు మేడం? ఇందులో ఒక సమానత్వం ఉంది."

"సార్, పిల్లలు మూడుగంటలు నడుం వంచి మోకాళ్ళ మీదకి ఒరిగి రాయాలి. మీరొక్క పేజీ రాసి చూపించండి. నేను మాట్లాడకుండా తీసుకుపోతాను."

"మీ ఆవేదనను సముచిత స్థాయిలో నమోదు చేస్తున్నాం. కొలత మార్పుకై దరఖాస్తు చేయండి. కమిటీ తదుపరి సమావేశం ఏప్రిల్ నాలుగు."

"పరీక్షలు మార్చి పద్దెనిమిదండీ!"

"పరీక్షల తేదీ మా పరిధిలోకి రాదు."

బయటికొచ్చి ఆవిడ మెట్ల మీద కూలబడ్డారు. ఏడవలేదు. చేతిసంచీలోంచి పిల్లల పేర్ల జాబితా తీసి, ఏ ఏ ఇంటివాళ్ళు పంటు ఎక్కనిస్తారో గుర్తులు పెట్టుకోసాగారు. నేను పక్కనే నిలబడి చూశాను. నలభై ఆరింట్లో తొమ్మిదికే గుర్తు పడింది. నేను వేసిన ముద్ర గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆచారి వచ్చి జాబితా వంక, బల్లల వంక మార్చి మార్చి చూశాడు. చెవిమీది పెన్సిలు తీసి ఒక స్టూలు అడుగున ఏదో లెక్క వేసుకున్నాడు.

"టీచరు గారూ, లేవండి. గైడు ముట్టుకోకూడదన్నారు గానీ ముక్కలు అతకకూడదని అన్లేదు కదండీ?"

"ఉత్తర్వులో అతుకుల ప్రస్తావన లేదు," అన్నాను నేను. గొంతు తగ్గించి అన్నాను.

"మరింకేం. కాలు మీద కాలు నిలబెడతాను. పక్కనో ముక్క దన్నుగా వేసి మరలు బిగిస్తాను. రెండు ముప్పై ఏడున్నరలు, రెండు గీతలు తక్కువ. బల్ల ఎత్తు సరిపోద్ది. ఓ వేలెడు ఎక్కువే అనుకోండి, పర్లేదు. పైన రెండు పలకలు పక్కపక్కన పరిస్తే రాసుకోడానికి చోటు. స్టూలుకి అసలు చెయ్యే పెట్టక్కర్లేదు, కూర్చోడానికి బానే ఉంది."

సువార్తమ్మ గారు ఆయన వంక నమ్మలేనట్టు చూశారు. "ఎన్నిరోజులు పడుతుందండీ?"

"రోజుకి నాలుగు బల్లలు కడతానండి. పన్నెండు రోజులు. అన్నీ ఒక్క కొలతే కదండీ, ఎక్కడా ఆగక్కర్లేదు." అని నవ్వాడు. "ఈ లక్క వల్ల మనకి జరిగిన మేలు ఇదొక్కటే."

పన్నెండు రోజులూ ఆయన తలెత్తలేదు. ఒక్కో బల్లనీ నేల మీద నాలుగు చోట్ల పెట్టి ఊపి చూశాడు. కదిలితే విప్పి మళ్ళీ బిగించాడు. పద్నాలుగో తారీఖుకి నలభై ఆరూ పంటు ఎక్కాయి.

బల్లలు బడికి వెళ్ళాయని పదిహేడో తారీఖున నీలాద్రిరావు గారికి తెలిసింది. షీల్డు అందుకున్న కేంద్రం నుంచి వెళ్ళిన సామగ్రిని స్వయంగా తనిఖీ చేయాలని ఆయనే అనుకున్నారట. పద్దెనిమిది పొద్దున్నే నన్నూ ఆచారినీ, టేపునీ వెంటబెట్టుకుని పంటు ఎక్కారు. మేం బడికి చేరేసరికి పదిన్నర. కిటికీలోంచి చూస్తే పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటున్నారు. ఆఖరి బల్ల ఒకటి వరండాలో ఉంది, అక్కడా ఒకమ్మాయి రాస్తోంది. ఆయన దూరం నుంచే కంటితో కొలిచారు.

"డెబ్బై నాలుగు పాయింట్ ఎనిమిది! ప్రమాణంతో పోలిస్తే నూటికి నూరుశాతం వ్యత్యాసం! వీటిని తక్షణం వెనక్కి తీసుకుని సగానికి కోయాలి."

సువార్తమ్మ గారు గేటు దగ్గరే అడ్డం నిలబడ్డారు. "నెమ్మదిగా సార్. పిల్లలు రాసుకుంటున్నారు. మీకు హాల్ టికెట్టు ఉందా?"

"నాకా?"

"హాల్ టికెట్టు లేనివాళ్ళు గేటు దాటకూడదు. ఆ బల్లల మీద నంబర్లు అంటించాం. నంబరు అంటించిన బల్లని ఫలితాలొచ్చేదాకా కదపరాదు. కదిపితే గది మొత్తం రద్దు, కదిపినవాళ్ళ మీద కేసు. పరీక్షల నిబంధన ఇరవై రెండు, ఉపనిబంధన నాలుగు." ముద్రించిన పుస్తకం వేలు పెట్టి తెరిచి చూపించారు.

నీలాద్రిరావు గారు ఆ పేజీ రెండుసార్లు చదివారు. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు సరికదా, ముఖం వెలిగిపోయింది. "ఎంత స్పష్టంగా రాశారు!" అన్నారు. జేబులోంచి కాగితం తీసి ఆ వాక్యాలు ఎత్తిరాసుకున్నారు. "అలాగే. ఫలితాలు వెలువడిన అనంతరం స్వాధీనం చేసుకుంటాం."

మాట తప్పే మనిషి కాదాయన. మే నెలాఖరులో ఫలితాలొచ్చాయి. నలభై ఆరుగురిలో నలభై నలుగురు పాసయ్యారు. మూడోనాటికే బల్లలన్నీ పంటు మీద మా షెడ్డు ముందుకి తిరిగొచ్చాయి, నంబర్లు ఇంకా ఊడలేదు. జూన్ ఒకటిన వాటిని సగానికి కోయాలని ఉత్తర్వు.

ఆ పొద్దున్న నేను యథాప్రకారం గైడు మీది పాత లక్క ఒలిచేశాను. కొత్తది వేసేలోపు ఆఫీసు గదికి రమ్మని కబురొచ్చింది. సువార్తమ్మ గారు వచ్చి ఉన్నారు. వచ్చే ఏడాది యాభై ఇద్దరు పిల్లలట. ఉన్న బల్లలు కోయొద్దనీ, ఇంకో ఆరు కావాలనీ రాసి తెచ్చిన కాగితం నీలాద్రిరావు గారి ముందుంది. ఆయన కొత్త కుర్చీలో కూర్చున్నారు. నాలుగు కాళ్ళూ ముప్పై ఏడు పాయింట్ నాలుగు, గీత తేడా లేదు. పాత కుర్చీ ఉన్న చోటే వేశాం. ఆయన చేతిలో కాఫీ.

"మేడం, ప్రమాణం దగ్గర రాజీ పడితే..." అంటూ ముందుకు వంగారు.

కుర్చీ టక్కుమంది.

కాఫీ ఈసారి చొక్కాని వదిలి కాగితం మీద పడింది. తిరస్కరిస్తున్నట్టు రాయడానికి అందులో పొడి చోటు కూడా మిగల్లేదు.

తలుపు దగ్గర నిలబడ్డ ఆచారి లోపలికొచ్చాడు. "ఒక్కసారి లేవండి బాబూ," అన్నాడు. ఆయన లేచారు. ఆచారి కుర్చీని ఎడమవైపు జానెడు జరిపాడు. "ఇప్పుడు కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. ముందుకు వంగారు. వెనక్కి వాలారు. అటూ ఇటూ గట్టిగా ఊగి చూశారు. కుర్చీ బండరాయిలా నిలబడింది.

"నేలండీ," అన్నాడు ఆచారి. "ఆ మూల నాపరాయి అరంగుళం కుంగిపోయింది. కుర్చీదీ మిషనుదీ ఏ తప్పూ లేదు. జనవరిలోనే చెబుదామనుకున్నానండి." నా వైపు చూడలేదు. అందుకు ఆయనకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

నీలాద్రిరావు గారు నాపరాయి వంక చూశారు. కుర్చీ వంక చూశారు. కిటికీలోంచి బయట వరసగా ఉన్న నలభై ఆరు బల్లల వంకా చూశారు. అయిదునెలల ఉద్యమం ఆయన కళ్ళముందు తిరిగి ఉంటుంది. నేను ఆశగా చూస్తున్నాను. చివరికి ఆయన ఆచారి వైపు తిరిగారు.

"కుర్చీని జరిపారు. ఎవరి అనుమతితో?"

ఆచారి కుర్చీ మీంచి చెయ్యి తీసేశాడు.

"దీన్ని యథాస్థానంలో ఉంచండి. సూపరింటెండెంటు గారూ, లక్క తెప్పించండి. కుర్చీ కాళ్ళకీ ముద్ర వేయాలి. గైడుకి ఇవాళ్టి ముద్ర పడిందా?"

లక్క నా బీరువాలో రెండో అరలో ఉంది. మూడు కిలోలు. తాళంచెవి నా జేబులో ఉంది. సువార్తమ్మ గారు తడిసిన కాగితాన్ని చీరకొంగుతో అద్దుతున్నారు. సిరా అలుక్కుపోయినా యాభై రెండు అన్న అంకె ఇంకా కనబడుతోంది.

"లక్క అయిపోయిందండీ," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అయిపోయిందా? మరి ముద్ర?"

"పడలేదండి. పాతది పొద్దున్నే ఒలిచేశాను. లక్క ప్రధాన కార్యాలయం నుంచే రావాలి. పోయినసారి రాసిన పద్నాలుగు నెలలకు వచ్చింది. అంతవరకూ ఏడో అంశం ప్రకారం అది సాధారణ గైడండి. ఉత్తర్వు వర్తించదు. దాని మీద కోస్తే ఆ బల్లలు ప్రమాణం కిందికి రావు, కాబట్టి కోయడానికీ వీల్లేదు."

ఆయన బల్లసొరుగులోంచి ఉత్తర్వు తీసి ఏడో అంశం చదువుకున్నారు. రాసింది ఆయనే. తల పంకించారు. "స్పష్టంగానే ఉంది," అని ఒప్పుకున్నారు. "లక్కకు వెంటనే రాయండి."

"ఇప్పుడే రాస్తానండి," అని బయటికొచ్చాను.

రాశాను కూడా. ఎవరి అనుమతితో పంపాలో తెలియజేయవలసిందిగా కమిటీకి పంపాను. కమిటీ సభ్యులు దాన్ని అధ్యక్షులకి పంపారు. అది ఇప్పటికీ వాళ్ళిద్దరి మధ్యా తిరుగుతోంది.

ఆ మధ్యాహ్నం ఆచారి గైడు మర వదులు చేశాడు. ముందు పన్ను దగ్గర ఒకసారి, వెనక పన్ను దగ్గర ఒకసారి టేపు పెట్టి చూసుకున్నాడు. పనికిరాని ముక్క ఒకటి కోసి, తిప్పి చూసి పక్కన పడేశాడు. తరవాత అడ్డుదిమ్మ జరిపి నన్ను పిలిచాడు.

"ఆ నలభై ఆరూ వేలెడు ఎత్తు ఎక్కువన్నాను కదండీ. అయిదో వరసలో పొట్టిపిల్ల ఉందంట, పాపం చెయ్యి పీకిందన్నారు టీచరు గారు. అన్నీ ఓ వేలెడు తగ్గించేస్తాను. అటు కొస పట్టుకోండి."

నేను చొక్కా చేతులు మడిచి అటు కొస పట్టుకున్నాను.